చవుడుకు తెలిసిన జబ్బు

నా కూతురి మోకాలు కోసిన డాక్టరు ఆపరేషన్ గదిలోంచి నెత్తిమీది టోపీ అయినా తీయకుండా బయటికి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో ఫోటో. ఎముక కొసన తెల్లగా మెరవవలసిన మెత్తటెముక తారు పూసినట్టు నల్లగా ఉంది. "ఇన్నేళ్ల సర్వీసులో ఇట్లాంటిది చూడలేదమ్మా" అన్నాడు. ఆ ముఖంలో సంబరం చూస్తే పండుగ ఆయన ఇంట్లోనేమో అనిపించింది.

ఆ జబ్బు పేరు నేను ఆయనకు మొదటిరోజే చెప్పాను. మగ్గాల ఇంటి ముసలిదానికి ఇంగ్లీషు పేర్లేం తెలుస్తాయనుకున్నాడో ఏమో, పిల్లలు కథ చెబుతుంటే విన్నట్టు తలూపి రక్తపరీక్షకు రాశాడు. ఇప్పుడు కేసు కాగితం మీద గబగబా ఏదో గీకుతున్నాడు. ఏం రాస్తున్నారని అడిగితే చదివి వినిపించాడు. "మా ఆసుపత్రిలోనే మొదటిసారి గుర్తించాం. కుటుంబానికి తెలియదు."

కుటుంబానికి తెలియదట! ఆ మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

మాది మెట్‌పల్లికి ఎడ్లబండి మీద పోయి పొద్దుగూకేలోపు తిరిగి రాగలిగేంత దూరంలో ఉన్న ఊరు. పేరు రాయను. రాస్తే ఊరి పెద్దలు శాలువా పట్టుకుని సన్మానానికి వస్తారు, వాళ్లకు సిగ్గు అంత తక్కువ. నన్ను ఊళ్లోనే ఉన్న మేనత్త కొడుక్కే ఇచ్చారు. రక్తం బయటికి పోకూడదని మా వాళ్లకు మహా పట్టింపు. ఆ రక్తంలో ఏముందో చూసుకోవాలన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. అత్త మా బాపుకు తోడబుట్టిన చెల్లె. చిన్నప్పుడు నన్ను చంక దించేది కాదు. మెడలో పుస్తె పడ్డ మర్నాటి నుంచి ఆ చంకే నన్ను ఎరగనట్టు ప్రవర్తించింది.

అత్తకు లోకంలో ఒక్కడే మగవాడు, ఆమె తండ్రి. అంటే మా తాత. నూలుకు నలుపు వేయడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయన తర్వాతే ఎవరైనా. తుప్పు పట్టిన ఇనుము, కరక్కాయ వేసి ఆయన దించిన నలుపు చీర చిరిగినా వదిలేది కాదు. తాత చెవులు నీలంగా ఉండేవి. కనుగుడ్డు తెల్లలో అటో మచ్చ, ఇటో మచ్చ. యాభై దాటకముందే నడుము కొయ్యబారి, వంగిపోయింది.

"మా బాపువి దేవుని చెవులు. శివుని అంశ లేకుంటే మనిషికి గా నీలం ఏడికెల్లి వస్తది?" అనేది అత్త, వచ్చినవాళ్లకల్లా. తాత గోడ పట్టుకుని మూలుగుతూ లేచేటప్పుడు ఆ శివుడు ఒక చెయ్యి వేసినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఆయన ధోవతి మీద, అంగీ చంకల్లో నల్లమరకలు కూడా ఉండేవి. నలుపు వేసేవాడికి నల్లమరకలు కాక చందనం బొట్లుంటాయా అని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఒక్క మనిషి, మా బట్టలుతికే అవ్వ.

ఆమె అత్తగారి కాలం నుంచి మా ఇంటి బట్టలు వాళ్లవే. మా ఇంట్లో అందరూ "సాకలిది" అనేవారు. నేను "అవ్వా" అని పిలిచేదాన్ని. అదే నా గొప్పతనమని చాలా కాలం మురిసిపోయాను కూడా.

ఆంధ్రప్రదేశ్ అయిన ఏడు నాకు ఆడపిల్ల పుట్టింది. నెల తిరగకముందే గొడవ మొదలైంది. పిల్ల కింద వేసిన గుడ్డలు ఆరితే గోధుమరంగుకు తిరిగేవి. అవ్వ వాటిని అందరి బట్టల్లాగే చవుడు నీళ్లలో తడిపి, ఆవిరి ఉబ్బకు పెట్టి, ఉతికి తెస్తే నల్లమరకలతో వచ్చేవి. చవుడు అంటే చేలల్లో తెల్లగా పేరుకునే ఉప్పుమట్టి. సబ్బు మొఖం చూడని ఇళ్లలో మురికి వదలగొట్టేది అదే. ఎంత మొండి మురికైనా చవుడుకు లొంగాల్సిందే. మా పిల్ల గుడ్డలు మాత్రం చవుడు పడితే నల్లబడ్డాయి.

"సౌడు తక్కువ పెట్టినవ్. బద్ధకం నీకు" అని అత్త అవ్వను కసిరింది. అవ్వ రెట్టింపు పెట్టింది. గుడ్డలు రెట్టింపు నల్లబడ్డాయి. "గింకా పెట్టు" అంది అత్త. ఇలా ఎన్ని వారాలు నడిచిందో చెబితే నమ్మరు. పెట్టిన కొద్దీ నల్లబడుతున్న దానికి ఇంకా పెట్టమనే తెలివి మా అత్త ఒక్కదాని సొంతం కాదు, ఊరంతా అదే సలహా ఇచ్చింది. ఆపి చూద్దామని ఎవరి నోటా రాలేదు.

ఒకరోజు అవ్వ మూట దింపుతూ నాతో మెల్లగా అంది. "బిడ్డా, గిది నాకు కొత్తగాదు. మీ తాత ధోతి గూడ సౌడు పడితె గిట్లనే నల్లగయ్యేది. అద్దకం మరకలైతె సౌడు పెట్టకముందు గూడ నల్లగుండాలె గద? ముందుగాల ఉండకపోతుండె, తడిపినంకనే లేస్తుండె. మా అత్త సూపిచ్చింది నాకు. పిల్ల మీ తాత లెక్కనే. పెయ్యిల, రక్తంలనే ఏదో ఉన్నది. పిల్లకేం గాదు, ఫికర్ చెయ్యకు."

నేను అత్తకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ" అని ఊరికే అనలేదు పెద్దలు. అదే నలుపు తాత చెవిలో ఉంటే దేవుడు, నా బిడ్డ గుడ్డలో ఉంటే దయ్యం.

పిల్లకు ఆరునెలలు దాటాక మెట్‌పల్లిలో కొత్తగా బోర్డు కట్టుకున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన బోర్డు మీద పేరు కంటే పేరు వెనకాల అక్షరాలే ఎక్కువ. సీసాలో పట్టి తెచ్చిన పిల్ల ఉచ్చను నీలంరంగు మందులో పోసి, దీపం మీద కాచాడు. రంగు మారింది. నీలం మారితే చక్కెర ఉన్నట్టేనని ఎక్కడో చదివినట్టున్నాడు. ఆ మందును మార్చే పదార్థాలు చక్కెర కాక ఇంకా ఉంటాయన్న పేజీ దాకా పోలేదు. "చక్కెర బీమారి. పాలల్ల చక్కెర ఉంటది, తల్లిపాలు బంద్. బార్లీ నీళ్లు తాపండి" అన్నాడు. మా ఆయన చేతులు జోడించి దండం పెట్టాడు. ఎవరు ఏం చెప్పినా దండం పెట్టడమే ఆయన జీవితాంతం చేసిన పని.

బార్లీ నీళ్లు మొదలుపెట్టిన వారానికి గుడ్డలు తేటబడ్డాయి. అత్త సంతోషం పట్టలేకపోయింది. డాక్టరు తన గొప్పతనానికి తానే మురిసి, ఇంకో నెల కానియ్యమన్నాడు. నలుపు ఎందుకు తగ్గిందో నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఆ నలుపుకు మూలం పాలలో, పప్పులో ఉండే మాంసకృత్తులు. తిండి ఆగితే నలుపు ఆగుతుంది. బిడ్డ కూడా ఆగిపోతుంది. నా బిడ్డ తొడల మీద చర్మం వేలాడింది. ఏడవడానికి కూడా బలం లేక గొంతులోనే కుయ్యిమనేది. నా రొమ్ములు రాళ్లలా గట్టిపడి, పాలు గోడకు పిండుకునేదాన్ని.

అత్త అంగడికి పోయిన ఒక పగటిపూట అవ్వ బట్టల కోసం వచ్చింది. పిల్లను ఎత్తుకుని బరువు చూసి, నా ముఖం చూసింది.

"గీ డాక్టర్ మాట ఇని పిల్లను సంపుకుంటవా? గుడ్డ తెల్లగుంటె ఏంది, నల్లగుంటె ఏంది? పాలియ్యి" అంది.

"అత్తకు తెలిస్తె నన్ను మా తల్లిగారింటికి తోలిచ్చి పిల్లను ఉంచుకుంటదవ్వా."

"నేను సెప్తనా? ఇయ్యి."

నూలు కండెలు పెట్టే అర్రలో కూర్చుని ఇచ్చాను. అవ్వ వాకిట్లో కాపలా ఉంది. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వేళ దొంగతనంగా ఇచ్చాను. తల్లి బిడ్డకు పాలివ్వడానికి దొంగతనం చేయాల్సి రావడం మా ఇంటి మర్యాద.

నాలుగు రోజుల్లో పిల్ల కళ్లు తెరిచి చూసింది. నాలుగు రోజుల్లోనే గుడ్డలు మళ్లీ నల్లబడ్డాయి.

అంగడికి పోయిన రోజు సాకలిది పిల్లను ఎత్తుకుందని పక్కింటి ఆడది అత్తకు చెప్పింది. ఇంకేం కావాలి? డాక్టరు మందుకు పోయిన నలుపు ఆమె ముట్టగానే తిరిగొచ్చింది. పిల్ల అంతకుముందు చిక్కిపోయిన లెక్క కూడా తీసుకెళ్లి అవ్వ పేరు మీదనే వేశారు. "బాణామతి చేసింది" అంది అత్త. మధ్యాహ్నానికల్లా ఊరంతా అదే మాట. మా ఊళ్లో ఒక మంచిమాట ఈ వాడ నుంచి ఆ వాడకు పోవాలంటే ఆరు నెలలు పడుతుంది.

మూడోరోజు పొద్దున చావడి దగ్గర పంచాయతీ పెట్టారు. బాణామతి చేసిందని తేలితే ముందుపండ్లు పీకుతారు. పండ్లు లేకపోతే పలుకు తిరగదు, పలుకు తిరగకపోతే మంత్రం పారదు. ఇదీ మా పెద్దమనుషుల శాస్త్రం. కమ్మరింటి నుంచి పటకారు తెప్పించి అరుగు మీద పెట్టుకుని మరీ విచారణ మొదలుపెట్టారు. తీర్పు ముందే అయిపోయిందని చెప్పడానికి ఇంకేం కావాలి?

అవ్వ భయపడింది. భయపడుతూనే మాట్లాడింది. "నేనేం జెయ్యలే అయ్యా. గీ నలుపు వాళ్ల ఇంటిదే. పెద్దాయన ధోతి గూడ సౌడు పడితె గిట్లనే..."

"మా బాపును రోగిష్టోడంటవానే?" అని అత్త పూనకం వచ్చినట్టు లేచింది. దేవుని చెవులవాడి ధోవతి గురించి సాకలిది మాట్లాడడం పెద్దమనుషులకు కూడా బాణామతి కంటే పెద్ద తప్పుగా తోచింది.

అప్పుడు నన్ను పిలిచారు. ఒడిలో పిల్ల.

"గామె పిల్లను ఎత్తుకున్నదా?"

"ఎత్తుకున్నది."

"ఎత్తుకున్నంకనే గుడ్డలు మల్ల నల్లగైనయా?"

"అయినయి."

రెండూ నిజాలే. ఒక్క అబద్ధం కూడా నా నోట రాలేదు. అవ్వ నా వైపు చూసింది. నేను పాలిచ్చిన సంగతి ఆమె నోట్లో ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు, తప్పు నా మీదికి వచ్చి ఆమె బయటపడేది. నేను పుట్టింటికీ, పిల్ల బార్లీ నీళ్లకూ పోయేవాళ్లం. ఆమె అనలేదు. చెప్పనని నాకు ఇచ్చిన మాట చావడిలో పటకారు ముందు కూడా నిలబెట్టుకుంది. నేను తల వంచుకుని పిల్ల నెత్తి నిమురుతూ కూర్చున్నాను.

పైవి రెండు, కిందివి రెండు తీశారు. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఆమె ఎగిరిపడకుండా భుజం పట్టుకోమంటే పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ చేత్తో ఆయన పెట్టిన ముద్ద నేను ఎన్నడూ తినలేదు. ఆయనకు ఎందుకో అర్థం కూడా కాలేదు. అది కోపం అనుకున్నాడు. అసహ్యం.

అవ్వ వారం తిరగకుండా మంచిర్యాలలో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. మిగతా చాకలి ఇళ్లవాళ్లు మా గడప తొక్కబోమన్నారు. ఆ ఊళ్లో వెన్నెముక ఉన్నవాళ్లు వాళ్లే. దాంతో పిల్ల గుడ్డలు నేనే వట్టి నీళ్లలో జాడించి ఆరేసేదాన్ని. చవుడు లేదు కాబట్టి నలుపు లేవలేదు. "సూసిన్రా? దాని పండ్లు పోంగనే నలుపు పోయింది" అని అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. బాణామతి విరిగింది కాబట్టి పాలు కూడా ఇవ్వమంది. అంతమంది పెద్దమనుషులు, అంత పెద్ద తీర్పు. పిడికెడు ఉప్పుమట్టి వాడకపోతే తేలిపోయే విషయానికి.

పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చాక బడిలో మళ్లీ మొదలైంది. పిల్లలు ఉచ్చకు కూర్చునే చోట వాసనకు సున్నం చల్లితే, మా పిల్ల కూర్చున్న చోట నల్లబడింది. పంతులు పిల్లను బడికి పంపొద్దన్నాడు. ఈసారి నేను ఎవరినీ అడగలేదు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు ప్రయాణం కట్టాను. నన్ను ఒంటరిగా వదిలితే ఏం చెబుతానోనని అత్త కూడా బయల్దేరింది.

అక్కడ పరీక్షలు చేసే గదిలో ఒక డాక్టరమ్మ ఉంది. సన్నటి మనిషి, మాట కరుకు. నా జీవితంలో నేను తిట్టుకోని డాక్టరు ఆమె ఒక్కతే. పిల్ల ఉచ్చ గాజుగొట్టంలో పట్టి, సోడా లాంటి క్షారం నీళ్లు రెండు చుక్కలు వేసింది. పైనుంచి కిందికి నలుపు దిగింది. ఆ గదిలో సాకలిది లేదు, మంత్రం లేదు.

"మీరేం పనిచేస్తారు?" అని అడిగింది. మగ్గాలన్నాను. "నూలు ఒకరు తోడుతారు, ఒకరు పడుగు పోస్తారు, ఒకరు గంజి పెడతారు, ఒకరు నేస్తారు. గంజి పెట్టేవాడు రాకపోతే ఏమవుతుంది?"

"పడుగులు అరుగు మీద కుప్ప పడతాయి."

"ఒంట్లోనూ అంతే. తిన్నదాన్ని మెట్టు మెట్టుగా విరగ్గొట్టడానికి మెట్టుకొక ఎంజైము ఉంటుంది. ఈ పిల్లకు ఒక మెట్టు దగ్గర మనిషి లేడు. హోమోజెంటిసిక్ ఆమ్లం అనేది కుప్ప పడుతుంది. కొంత ఉచ్చలో పోతుంది. సున్నమో, సోడానో, చవుడో తగిలితే అది నల్లబడుతుంది. కొంత ఒంట్లోనే ఉండిపోయి చెవులు, కీళ్లు, వెన్ను నలుపు చేస్తుంది. ఆల్కాప్టన్యూరియా. ప్రాణానికి భయం లేదు. నలభై దాటాక నడుము, మోకాళ్లు ఏడిపిస్తాయి. తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి, చెడ్డ జన్యువులు రెండు కలిస్తేనే వస్తుంది. మేనరికమా?"

తలూపాను.

"మీ భార్యాభర్తలిద్దరికీ కలిసే పెద్దవాళ్లలో నల్లచెవులు, వంగిన నడుము ఎవరికైనా ఉండేవా?"

నేను అత్త వైపు చూశాను. ఇన్నేళ్ల తర్వాత ఆమె ముఖం మాడిపోవడం చూడాలని కళ్లు పెద్దవి చేసుకుని మరీ చూశాను. తాతది బాపుకూ అత్తకూ వచ్చింది. బాపు నుంచి నాకు, అత్త నుంచి మా ఆయనకు, ఇద్దరి నుంచి పిల్లకు. గురివింద గింజకు కింది నలుపు చూపించే అద్దం దొరికింది అనుకున్నాను.

"మా బాపుకు ఉండె. ఆయనది రోగం గాదు, భాగ్యం" అంది అత్త, కొంగు సర్దుకుంటూ. ముఖం మాడనే లేదు. సిగ్గుకు కూడా ఒక ఎంజైము ఉంటుందేమో, అది మా వంశంలో పూర్తిగా లేదు.

ఆ ఎండాకాలం మంచిర్యాలకు పోయాను. అవ్వ గోదావరి ఒడ్డున కూతురితో కలిసి బట్టలు పిండుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను గుర్తుపట్టి, ముందు ఒకటే అడిగింది.

"పిల్ల బతికిందా?"

"బతికింది. మూడో తరగతి."

"గంతే సాలు."

నేను ఆత్రంగా చెప్పుకుపోయాను. డాక్టరమ్మ, గాజుగొట్టం, జబ్బు పేరు. నువ్వు చెప్పిందే నిజమైందవ్వా అని, ఏదో కానుక తెచ్చినట్టు. ఆమె విన్నంతసేపు విని, చేతిలోని ధోవతి పిండి, దులిపింది.

"నాకు ముందే ఎరుక గద బిడ్డా. నాకెందుకు సెప్తున్నవ్? ఎవలకు సెప్పాల్నో ఆనాడు సెప్పకపోతివి" అంది. పండ్లు లేని నోటితో ఆ మాట కొంచెం గాలి పోతూ వచ్చింది. తిట్టలేదు. వెళ్లమనీ అనలేదు. ఇంకో బట్ట అందుకుంది.

నేను అత్తను తిట్టాను, ఆయనను తిట్టాను, మెట్‌పల్లి డాక్టరును, పెద్దమనుషులను తిట్టాను. వాళ్లు తెలియక చేశారు. చావడిలో కూర్చున్న వాళ్లందరిలో తెలిసి కూర్చున్నది నేనొక్కదాన్నే. అందరికంటే నీచం అదే.

ఇప్పుడు ఈ మోకాలి డాక్టరు. "కుటుంబానికి తెలియదు అన్నది కొట్టెయ్యండి" అన్నాను. ఎందుకన్నట్టు చూశాడు.

"మాకు తెలుసు. నేను చెప్పిన పేరు హైదరాబాద్‌లో అరవై ఏళ్ల కింద రాసిచ్చిందే. దానికి ఎనిమిదేళ్ల ముందే మా ఊళ్లో ఒకామె చవుడుతో కనిపెట్టింది. మొదట గుర్తించింది ఆమె. అది రాయండి."

ముసలిదాన్ని ఎందుకు కదిలించానా అనుకుని ఉంటాడు. అయినా మర్యాదకు కలం తెరిచాడు.

"సరే అమ్మా, రాస్తాను. ఆమె పేరు?"

నోరు తెరిచాను. మూడు తరాల మా మురికి ఉతికిన మనిషి. నా బిడ్డను బతికించిన మనిషి. గోదావరి ఒడ్డున కూడా "అవ్వా" అని పిలిచి వచ్చేశాను. ఆమె పేరేమిటో నేను ఏనాడూ అడగలేదు.